వర్క్‌స్టేషన్ కీబోర్డులో మొదటి ట్రాక్ కట్టడం ఎలా

కొత్త వర్క్‌స్టేషన్ (సౌండ్లు, పాట రికార్డు చేసే వీలు రెండూ ఒకేదాంట్లో ఉన్న కీబోర్డు) చేతికి రాగానే అందరూ చేసే పని ఒకటే, ఉన్న సౌండ్లన్నీ ఒక్కొక్కటిగా నొక్కుకుంటూ పోవడం. సరదా తీరేదాకా నొక్కండి, తప్పేం లేదు. ఆ తర్వాత మాత్రం ఏ మోడ్‌లో ఏం జరుగుతుందో తెలుసుకోండి, ఎందుకంటే ఈ వాయిద్యంతో వచ్చే చిరాకుల్లో సగం అక్కడే పుడతాయి.

విడిగా ఒక సౌండ్‌ని కోర్గ్ కంపెనీ ప్రోగ్రామ్ అంటుంది, యమహా కంపెనీ మోటిఫ్ మోడల్‌లో అదే వాయిస్. అలాంటివి కొన్ని కలిపి, ఎడమ చేతికి బేస్, కుడి చేతికి పియానో అన్నట్టు పేర్చుకుంటే కోర్గ్‌లో కాంబినేషన్, యమహాలో పెర్ఫార్మెన్స్. మూడోది సీక్వెన్సర్, పాట కట్టేది ఇక్కడే. 1988లో వచ్చిన కోర్గ్ ఎం1లోనూ ఇవే మూడు మోడ్‌లు ఉన్నాయి. దానికి 8 ట్రాకులు (ఒక్కో వాయిద్యాన్ని విడిగా రికార్డు చేసుకునే వరసలు), ఒకేసారి మోగగలిగేవి 16 నోట్లు, అంతే. కాబట్టి మీ మోడల్ పాతదని బెంగ పెట్టుకోకండి.

సీక్వెన్సర్‌లోకి వెళ్లి టెంపో పెట్టి, మెట్రోనోమ్ (తాళం చెప్పే టిక్ టిక్) ఆన్ చేసి, ముందు డ్రమ్స్‌తో మొదలుపెట్టండి. జనరల్ మిడి (ఎలక్ట్రానిక్ వాయిద్యాలన్నిటికీ ఉమ్మడిగా పెట్టుకున్న ప్రమాణం) పద్ధతిలో డ్రమ్స్‌ది 10వ ఛానెల్, దాన్ని అలాగే ఉంచుకుంటే తర్వాత గందరగోళం ఉండదు. పాటంతా ఒకేసారి వాయించాల్సిన పని లేదు, నాలుగు బార్లు (తాళం ఆవర్తనాలు) లూప్‌లో పెట్టి మొదటి చుట్టులో కిక్, స్నేర్ మాత్రమే, తర్వాతి చుట్టులో హై-హ్యాట్, ఇలా ఒకదాని మీద ఒకటి వేసుకుంటూ పోండి.

సీక్వెన్సర్‌లో రికార్డయ్యేది ఆడియో కాదు. ఏ కీ నొక్కారు, ఎప్పుడు, ఎంత గట్టిగా, ఎంతసేపు అన్న సమాచారం మాత్రమే, ఆ గట్టితనం కూడా 1 నుంచి 127 దాకా ఒక అంకె. అందుకే చెయ్యి తిరగని చోట టెంపో బాగా తగ్గించి వాయించేసి తర్వాత పెంచుకోవచ్చు, పియానోతో వాయించిన ట్రాక్‌కి ఆ తర్వాత స్ట్రింగ్స్ పెట్టి చూడొచ్చు, శ్రుతి కూడా మార్చుకోవచ్చు. ఇందులో మోసం ఏమీ లేదు, సీక్వెన్సర్ ఉన్నదే అందుకు.

తాళం కాస్త అటూ ఇటూ అయితే క్వాంటైజ్ (నోట్లను సరిగ్గా తాళం మీదకి జరిపే సెట్టింగ్) వాడండి, కానీ నూటికి నూరు శాతం పెట్టారంటే వాయించింది మనిషో మెషినో తెలియకుండా పోతుంది. మీ మోడల్‌లో స్ట్రెంగ్త్ సెట్టింగ్ ఉంటే 60, 70 దగ్గర ఆపి వినండి. ఇక బేస్ కిక్‌తో కలిసి నడవాలి, కార్డ్స్ (chords, కలిపి మోగించే స్వరాలు) ఆ తర్వాత, మెలొడీ ఆఖర్న.

ఇక్కడ చాలామందికి ఒక షాక్ తగులుతుంది. విడిగా అద్భుతంగా మోగిన సౌండ్ పాటలోకి తెచ్చేసరికి చప్పగా ఉంటుంది. సౌండ్ ఏమీ చెడిపోలేదు. విడిగా ఉన్నప్పుడు ఎఫెక్టులన్నీ (సౌండ్‌కి ప్రతిధ్వని లాంటి మెరుగులు దిద్దేవి) దాని సొంతం, పాటలో ట్రాకులన్నీ కలిసి ఆ కొన్ని ఎఫెక్టులనే పంచుకోవాలి, పైగా చాలా మోడల్స్‌లో మీరు చెప్పి కాపీ చేస్తే తప్ప ఎఫెక్టులు సౌండ్ వెంట రావు. మెనూలో కాపీ ఎఫెక్ట్ లాంటిది వెతికి, ముఖ్యమైన ఒకటి రెండు సౌండ్లకే ఇన్‌సర్ట్ ఎఫెక్టులు (ఆ సౌండ్‌కే విడిగా వేసేవి) ఇచ్చి, మిగతావాటికి ఉమ్మడి రివర్బ్ (గదిలో మోగినట్టు వినిపించే ప్రతిధ్వని) సరిపెట్టండి. అన్నిటికీ రివర్బ్ దంచితే ఏదీ సరిగ్గా వినపడదు.

నోట్లు మధ్యలో తెగిపోతుంటే పాలిఫనీ (ఒకేసారి మోగగలిగే నోట్ల లెక్క) అయిపోయిందని అర్థం. స్టీరియో పియానోలో ఒక్క నోటే రెండు నోట్ల చోటు తినొచ్చు, దానికి తోడు పెడల్ తొక్కి పట్టుకుంటే ఇక చెప్పక్కర్లేదు.

సేవ్ చెయ్యడం గురించి గట్టిగానే చెప్తాను. కోర్గ్ ట్రైటన్, యమహా మోటిఫ్ లాంటి పాత మోడల్స్‌లో పవర్ ఆపితే సీక్వెన్సర్‌లోని పాట పోతుంది. రైట్ (Write) లేదా స్టోర్ (Store) బటన్ సౌండ్‌ని దాచుతుంది, పాటని విడిగా మెమరీ కార్డులోకో యూఎస్‌బీలోకో సేవ్ చెయ్యాలి. మీరు మార్చుకున్న సౌండ్లను కూడా కలిపి సేవ్ చెయ్యండి, లేకపోతే పాట తెరిచినప్పుడు ఇంకేదో మోగుతుంది.

కంప్యూటర్‌కి కలిపాక ప్రతి నోటూ రెండుసార్లు మోగుతుంటే లోకల్ కంట్రోల్ (కీలు నొక్కితే కీబోర్డు సొంత సౌండ్ నేరుగా మోగేలా చేసే సెట్టింగ్) ఆఫ్ చెయ్యండి. కీబోర్డుని ఒంటరిగా వాయించేటప్పుడు దాన్ని మళ్లీ ఆన్ చెయ్యాలి, అది మర్చిపోయి కీలు పలకట్లేదని రిపేరుకు పట్టుకెళ్లేవాళ్లు కూడా ఉంటారు.