బ్రేకప్ పాట కట్టుకోవడం ఎలా? మూడు గిటార్ కార్డ్స్ చాలు

విశాఖ ఎంవీపీ కాలనీలో మా మేడ మీద గిటార్ నేర్పుతుంటాను. వచ్చేవాళ్లలో సగం మంది బ్రేకప్ అయ్యాకే గిటార్ కొంటారు. వాళ్లని సినిమా పాటల జోలికి పోనివ్వకుండా ముందు అమెరికన్ కంట్రీ పాటలు (అక్కడి పల్లెపట్టు బాణీలు) వాయించమంటాను. వాటిలో హంగులు తక్కువ. మంచి కంట్రీ పాటంటే మూడు కార్డ్స్, ఒక నిజం అన్నాడు ఆ పాటల రచయిత హార్లన్ హోవర్డ్.

కార్డ్ అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించడం. మనకి కావాల్సినవి జీ, సీ, డీ. నడక తకిట. ‘త’ దగ్గర బొటనవేలితో లావు తీగ మీటండి: జీకి ఆరోది, సీకి ఐదోది, డీకి నాలుగోది (అన్నిటికన్నా సన్న తీగ ఒకటోది). ‘కిట’కి సన్న తీగలు కలిపి మెల్లగా. దీన్నే వాళ్లు వాల్ట్జ్ అంటారు. మన జానపదాల్లో తిశ్రం, అంటే ఈ మూడు దెబ్బల నడక, బోలెడు కాబట్టి తెలుగు మాటలు దీంట్లో చక్కగా ఇముడుతాయి. గొంతు అందకపోతే కేపో (గిటార్ మెడకి బిగించి శ్రుతి పెంచే క్లిప్పు) పెట్టుకోండి, కార్డ్స్ మార్చక్కర్లేదు.

అసలు పని మాటల దగ్గర. మొదటి చిత్తుప్రతిలో గుండె, కన్నీరు, ఒంటరి అనే మాటలు రానివ్వకండి. కంటికి కనిపించేదే రాయండి. గుమ్మం పక్కన ఉండిపోయిన రెండో హెల్మెట్ గురించి రాస్తే చాలు, వినేవాడికి మిగతాది తెలిసిపోతుంది.

పల్లవి మాత్రం మార్చొద్దు. చరణాలు మారుతుంటే దాని అర్థమే మారాలి. మా దగ్గర ఒకమ్మాయి పల్లవి ఇది: “భీమిలి దాకా ఎంత దూరం?” మొదటి చరణంలో అతని బండి మీద వెనక కూర్చుంది, కబుర్లు అవకముందే ఊరొచ్చేసింది. రెండో దాంట్లో బస్సులో ఒక్కతే, రుషికొండ దాటేసరికే తెల్లారిపోయినట్టుంది. మూడో చరణంలో వాయిదాల మీద కొన్న స్కూటీ తనే నడుపుతోంది. మంగమారిపేట దగ్గర వెనక నుంచి వాళ్లమ్మ అడుగుతుంది, “భీమిలి దాకా ఎంత దూరమే?” అని. తేరుకున్నాను అన్న ముక్క పాటలో ఎక్కడా లేదు. ఉంటే నేనే కొట్టేయించేవాణ్ణి.

ఇంకోటి, వెళ్లిపోయినవాళ్లని తిట్టకండి. కంట్రీ గాయని డాలీ పార్టన్ ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ రాసింది ప్రియుడి కోసం కాదు. తనని టీవీ షోలో పెట్టుకుని పైకి తెచ్చిన పోర్టర్ వ్యాగనర్ దగ్గర సెలవు తీసుకోడానికి. 1974లో విడుదలైంది. అందులో దెప్పిపొడుపు ఒక్కటీ ఉండదు. (తిట్టాలనే ఉంటే వాట్సాప్ ఉందిగా!)

పాట పూర్తయ్యాక రికార్డ్ చేసే ముందు, సంగతి తెలియని మనిషికి ఒకసారి వినిపించండి. ఎక్కడ ఫోన్ చూసుకుంటే అక్కడ ఆ లైను తీసేయండి.

వాయించడం అవగానే తీగలు పొడిగుడ్డతో తుడిచి గిటార్ సంచిలో పెట్టేయండి. మన సముద్రపు గాలికి ముందు తుప్పు పట్టేవి ఆ రెండు సన్న తీగలే.