యూనివర్సిటీలో చరిత్ర ప్రసంగానికి వెళ్లడం ఎలా?

హనుమకొండలో కాకతీయ యూనివర్సిటీ చరిత్ర శాఖ వాళ్ల ప్రసంగం ఉందంటే, చాలామంది "మనమేమైనా స్టూడెంట్లమా?" అని ఆగిపోతారు. అందరికీ అని ప్రకటించిన ప్రసంగమైతే మొహమాటం అక్కర్లేదు. ముందుగా శాఖ ఆఫీసుకు ఫోన్ చేసి, బయటివాళ్లు రావచ్చా, పేరు రాయించుకోవాలా అని అడగండి. ప్రసంగానికి నేరుగా వెళ్లినా నడుస్తుంది కానీ, వర్క్‌షాప్‌కు సీట్లు తక్కువ ఉంటాయి. చివరిరోజు దాకా ఆగొద్దు.

రెండోది, నా దృష్టిలో అసలైనది: ముందురోజే రాయిని చూసి రండి. కాకతీయుల మీద ప్రసంగమైతే వేయిస్తంభాల గుడికి వెళ్లి, రుద్రదేవుడు వేయించిన శాసనం ముందు పది నిమిషాలు నిలబడండి. అక్షరాలు చదవలేకపోయినా ఫర్వాలేదు. దాని కాలం శక సంవత్సరం 1084. శకానికి 78 కలిపితే క్రీస్తు శకం రావాలి, అంటే 1162. మరి పుస్తకాల్లో 1163 అని ఎందుకుంటుంది? శాసనంలోని నెల మాఘం. శక సంవత్సరం ఉగాదికి మొదలవుతుంది కాబట్టి, మాఘం వచ్చేసరికి ఇంగ్లీషు క్యాలెండర్లో కొత్త ఏడాది వచ్చేస్తుంది. ఈ లెక్క తెలిసి కూర్చుంటే, వక్త ఏ తేదీ చెప్పినా చెవి నిక్కబొడుచుకుంటుంది.

ఇక హాల్లో. ఎక్కడైనా శాలువాలు, బొకేలు అయ్యేసరికి అరగంట పడుతుంది, ఓపిక పట్టండి. రాజుల పొగడ్తలు రాసుకోకుండా, ఏ మాట ఏ శాసనంలో ఉందో రాసుకోండి. ప్రశ్నల టైంలో మీ ఊరి గొప్పలు చెప్పకండి, ఒక్క ప్రశ్న అడిగి కూర్చోండి. "ఈ సంగతి మనకు ఎట్ల తెలిసింది సార్?" అన్నది ఎప్పుడూ పనికొస్తుంది.

శాసనాల వర్క్‌షాప్ అంటే రాతి మీది అక్షరాల అచ్చు కాగితం మీదికి తీయడం. దానికి పాత చొక్కా వేసుకోండి, మసి అంటుతుంది. రాయిని కడిగి, తడి కాగితం పరిచి, గట్టి బ్రష్‌తో కొడుతూ కాగితాన్ని అక్షరాల గుంతల్లోకి దించాలి. తర్వాత కాగితం మీద మసి అద్దితే చుట్టూ నల్లగా, అక్షరాలు తెల్లగా పడతాయి. రక్షిత కట్టడాల దగ్గర సొంతంగా చేయకూడదు, పురావస్తు శాఖ అనుమతి కావాలి. కాగితం ఆరేదాకా లాగొద్దు. ప్రాక్టీసు రాయి మీద నేను తొందరపడి లాగితే, నా "శ్రీ" సగం రాయికే అతుక్కుపోయింది.