మిక్చర్ లెక్కలు ఎక్కడ తేడా కొడుతున్నయ్?

చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో కూర్చొని గ్రూప్స్‌కి చదివే మా తమ్ముడు మొన్న ఫోన్ చేసి, "అన్నా, ఈ మిక్చర్ లెక్కలు, అదే రెండు కలిపితే ఎంత శాతం అవుతదనే లెక్కలు, ఫార్ములా కరెక్టే వేస్తున్నా, ఆన్సర్ మాత్రం వేరేది వస్తోంది" అన్నాడు. సాయంత్రం పోయి వాడి రఫ్ బుక్ తిరగేస్తే ప్రతి పేజీలో అవే నాలుగైదు తప్పులు.

ఆన్సర్ నీట్‌గా వస్తది కానీ తప్పు: ఇది అందరికీ అయ్యేదే. 10% ఉప్పునీళ్లు 20 కిలోలున్నయ్, 40% వి ఎన్ని కిలోలు కలిపితే మొత్తం 20% అవుతది? వాడు 2 + 0.4ఎక్స్ = 4 అని రాసి 5 తెచ్చాడు. ఆ 4 ఎక్కడిదిరా అంటే 20 లో 20% అట. అరే, ఎక్స్ కిలోలు పోశాక ఇంకా 20 కిలోలే ఎట్లుంటదిరా, కుడివైపు 0.2(20 + ఎక్స్) రావాలి కదా, అప్పుడు ఎక్స్ = 10. చెక్ చేయడం ఈజీ: 5 కలిపితే 25 కిలోల్లో ఉప్పు 4 కిలోలే, అంటే 16%. పది కలిపితే 30 లో 6, సరిగ్గా 20%.

ఆన్సర్ మైనస్‌లో వస్తే: చాలాసార్లు ఉత్త నీళ్లు కలిపే లెక్కలో ఉప్పు శాతం 0 వేయాల్సిన చోట 100 వేసుంటారు. అదీ కాదంటే ప్రశ్న మళ్లీ చదవండి, 10 కి 40 కి మధ్యలో లేని శాతం వాటిని కలిపితే రాదు.

పాలల్లో నీళ్లు: 15 లీటర్ల పాలల్లో 20% నీళ్లు, దాన్ని 25% చేయాలి. 5% పెరగాలి కాబట్టి 15 లో 5%, 0.75 లీటర్ అని వేసేస్తారు. నాకైతే ఈ లెక్కలన్నిటికీ మందు ఒక్కటే అనిపిస్తది, మారనిది ఏదో పట్టుకోవడం. ఇక్కడ పాలు మారవు, 12 లీటర్లే. ఆ 12 ఇప్పుడు 75% కావాలి, అంటే మొత్తం 16, కలపాల్సింది 1 లీటర్. మరిగించే లెక్కలకూ ఇదే, ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు ఎటూ పోదు. 6% ఉప్పునీళ్లు 10 కిలోలుంటే ఉప్పు 600 గ్రాములు, 10% కావాలంటే మొత్తం 6 కిలోలకు రావాలి, ఇగిరిపోవాల్సింది 4 కిలోలు.

తీసి నింపే లెక్క: 40 లీటర్ల పాలు, 4 తీసి 4 నీళ్లు, ఇట్ల మూడుసార్లు. మూడు నాలుగులు పన్నెండు, మిగిలింది 28 అని రాస్తే దొరికిపోయినట్టే. రెండోసారి గిన్నెలోకి వచ్చేది నీళ్ల పాలు, అందులో అసలు పాలు 3.6 లీటర్లే. అందుకే ప్రతిసారీ 0.9 తో గుణించాలి: 36, 32.4, 29.16.

ఎలిగేషన్ తిరగబడితే: ఎలిగేషన్ అంటే శాతాల తేడాలు క్రాస్‌గా రాసి ఏది ఎంత కలపాలో తేల్చే పద్ధతి. పై ఉప్పు లెక్కకే క్రాస్ వేస్తే (40 - 20):(20 - 10), అంటే 20:10, అంటే 2:1 వస్తది, మావాడు ఆ 2 తీస్కపోయి 40% కి పెట్టి 40 తెచ్చిన్నయ్య అంటాడు, మరి కావాల్సిన 20% దేనికి దగ్గరుంది, 10 కే కదా, అప్పుడు ఎక్కువ పోయాల్సింది కూడా దాన్నే.