పాత జీపులో ఛార్జింగ్ లోపాన్ని కనుగొనే పద్ధతి

కోనసీమ కాలువ గట్ల మీద, వరిచేల బురదలో తిరిగే పాత జీపు ఉదయాన్నే స్టార్ట్ కాకపోతే వెంటనే కొత్త బ్యాటరీ కొనడం తొందరపాటే. రాత్రంతా ఆపి ఉంచిన బండిలో బ్యాటరీకి పెట్టిన మల్టీమీటరు (వోల్టేజీ కొలిచే పరికరం) 12.6 వోల్టుల దరిదాపుల్లో చూపితే బ్యాటరీ నిండుగా ఉన్నట్టే. ఇంజను నడుస్తుండగా అది 13.8 నుంచి 14.4 వరకు పెరగాలి. పెరగకపోతే ముందు ఆల్టర్నేటరు (ఇంజనుతో తిరిగి బ్యాటరీని ఛార్జ్ చేసే యంత్రం) బెల్టు బిగువును, ఆ తరువాత వైర్లను చూడాలి. 15 దాటితే వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటరును అనుమానించాలి.

అంతర్వేది వైపు ఉప్పుగాలి తగిలే బండ్లలో మాత్రం నా అనుమానం మొదట బ్యాటరీ నెగటివ్ నుంచి వచ్చి ఛాసిస్‌కు (బండి ఇనుప చట్రానికి) బోల్టుతో బిగించిన ఎర్త్ వైరు మీదికే పోతుంది, ఎందుకంటే తుప్పు పట్టిన ఆ బోల్టు పైకి గట్టిగానే కనిపిస్తూ కరెంటును అడ్డుకుంటుంది. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌ను ముందుగా విప్పి, ఆ బోల్టును, దాని కింది ఇనుమును మెరిసేదాకా గీకి, గట్టిగా బిగించిన తరువాతే గ్రీజు పూయాలి.