విదేశాల్లో పురావస్తు ఉద్యోగం: దరఖాస్తుకు ముందు జాగ్రత్తలు

తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పురావస్తు శాస్త్రం చదివి, బ్రిటన్‌లో తవ్వకాల ఉద్యోగం ఆశించేవారు జీతం కన్నా ముందు, వీసా స్పాన్సర్ చేసే అర్హత ఆ సంస్థకు ఉన్నదో లేదో చూడాలి. లైసెన్సు పొందిన సంస్థల జాబితాను అక్కడి ప్రభుత్వమే అందరికీ అందుబాటులో ఉంచుతుంది. అందులో సంస్థ పేరు, స్కిల్డ్ వర్కర్ (నైపుణ్యమున్న ఉద్యోగులకిచ్చే వీసా) విభాగం రెండూ సరిచూసుకోవాలి. అయితే జాబితాలో పేరున్నంత మాత్రాన ప్రతి ఉద్యోగానికీ స్పాన్సర్‌షిప్ ఇస్తారని కాదు. తవ్వకాల పనుల్లో కొద్ది నెలల ఒప్పందాలే ఎక్కువ గనుక, ఒప్పంద కాలమూ వార్షిక జీతమూ వీసా నిబంధనలకు సరిపోతాయో లేదో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

వీసా దరఖాస్తుకు కావలసిన సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్‌ను కేటాయించేది యజమాని మాత్రమే. దానిని అమ్ముతామనేవారికి, దయచేసి, ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఇంటి నగలు కుదువపెట్టి తెచ్చిన సొమ్ము అలా పోతే తిరిగి రాదు. మన దేశంలో విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటు 1983 నాటి వలసల చట్టం కింద నమోదై ఉండాలి. ఆ నమోదును కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడవచ్చు.

అనుభవ పత్రంలో ‘తవ్వకంలో పాల్గొన్నారు’ అన్న ఒక్క వాక్యం చాలదు. ఎన్ని వారాలు, ఏ ట్రెంచి (తవ్వకపు గుంట), మట్టి పొరల చిత్రాలు ఎవరు గీశారు, కుండ పెంకులను ఎవరు వర్గీకరించారు అన్నవన్నీ పర్యవేక్షకుని సంతకంతో ఉండాలి. ఎర్రమట్టి మరకలంటిన క్షేత్ర నోటుపుస్తకాన్ని కూడా స్కాన్ చేసి దాచుకోండి.