కేర్ హోమ్ చూడ్డానికి వెళ్తే ఇవి గమనించండి

పెద్దవాళ్లని కేర్ హోమ్‌లో చేర్పించే ముందు చూడ్డానికి వెళ్తే రిసెప్షన్ చూసి మురిసిపోకండి, అది ఎక్కడైనా తళతళలాడుతూనే ఉంటుంది. చెప్పకుండా ఏ సాయంత్రమో సెలవు రోజో వెళ్లండి, స్టాఫ్ తక్కువుండే టైమ్ అది. ఫినాయిల్ వాసన గుప్పుమన్నా నాకైతే డౌటే, దేన్నో కప్పెడుతున్నారేమోనని. మంచం మీదున్నవాళ్ల గోళ్లు చూడండి, నీళ్ల గ్లాసు, బెల్ చేతికి అందేలా ఉన్నాయా చూడండి. కదల్లేనివాళ్లని మామూలుగా 2 గంటలకోసారి పక్కకి తిప్పాలి, లేదంటే మడమలకీ నడుం కిందా పుండ్లు పడతాయి, అందుకే ఎవరు ఎప్పుడు తిప్పారో రాసే చార్ట్ చూపించమనండి, రాత్రి పెట్టాల్సిన టిక్కులు కూడా మధ్యాహ్నానికే పడిపోయుంటే ఇంకో చోటు చూసుకోవడం బెటర్.