ఆశ్రయం కోరి ఒంటరిగా వచ్చిన పిల్లలకు టీకాలు: ఇంగ్లండ్‌లో ఫాస్టర్ కేరర్లకు (అలాంటి పిల్లల్ని తమ ఇంట్లో ఉంచుకుని చూసుకునేవాళ్లకు)

పిల్లాడు ఇంటికొచ్చిన మొదటి వారంలోనే జీపీ (స్థానిక కుటుంబ వైద్యుడు) దగ్గర పేరు నమోదు చేయించండి. అడ్రస్ ప్రూఫ్, ఇమిగ్రేషన్ కాగితాలు లేవని రిసెప్షన్‌లో వెనక్కి పంపబోతే, అవి తప్పనిసరి కావని గట్టిగా చెప్పండి. కేర్‌లోకి (స్థానిక ప్రభుత్వ సంరక్షణలోకి) వచ్చిన 20 పనిదినాల్లోగా ఇనీషియల్ హెల్త్ అసెస్‌మెంట్ (మొదటి ఆరోగ్య పరీక్ష) కూడా పూర్తవ్వాలి. తేదీ రాకపోతే సోషల్ వర్కర్ వెంటపడాల్సింది మీరే.

"చిన్నప్పుడు వేశారు" అని పిల్లాడు చెప్పినా, నమ్మదగ్గ రికార్డు లేకపోతే వేయనట్టే లెక్క. భుజం మీద మచ్చ ఉంటే అది బీసీజీ (టీబీ టీకా) గుర్తు కావచ్చు, మిగతా టీకాల గురించి అదేమీ చెప్పదు. సగంలో ఆగిన కోర్సుకు రికార్డు ఉంటే మాత్రం మొదటి నుంచి అక్కర్లేదు, ఆగిన చోటు నుంచి కొనసాగిస్తారు.

పదేళ్లు దాటినవాళ్లకు మొదటిరోజే టీడీ/ఐపీవీ (ధనుర్వాతం, డిఫ్తీరియా, పోలియోలకు), ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు), మెన్‌ఏసీడబ్ల్యూవై (మెనింజైటిస్‌కు) మూడూ వేయొచ్చు. నాలుగు వారాలకు టీడీ/ఐపీవీ, ఎంఎంఆర్ రెండో డోసు. మరో నాలుగు వారాలకు టీడీ/ఐపీవీ మూడోది. హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ లాంటివి తెచ్చే వైరస్‌కు టీకా) ఒక్క డోసు చాలు, అర్హత ఉందేమో నర్సును అడగండి. ఖాళీ కడుపుతో తీసుకెళ్లకండి, ఈ వయసువాళ్లు సూది చూసి కళ్లు తిరిగి పడిపోతుంటారు.

తేడా వచ్చేది ఎక్కువగా సంతకం దగ్గర. పదహారు నిండితే సమ్మతి పిల్లాడిదే. అంతకంటే చిన్నవాడైనా విషయం అర్థం చేసుకోగలడని నర్సుకు నమ్మకం కుదిరితే తనే ఒప్పుకోవచ్చు. మీ సంతకం చెల్లుతుందో లేదో ప్లేస్‌మెంట్ ప్లాన్‌లో (పిల్లాణ్ణి మీకు అప్పగించేటప్పుడు ఎవరు ఏం నిర్ణయించవచ్చో రాసే పత్రంలో) ముందే చూసుకోండి. దుబాసీని క్లినిక్‌నే ఏర్పాటు చేయమనండి. తోటి కుర్రాడి చేత చెప్పిస్తే హెచ్ఐవీ, హెపటైటిస్ పరీక్షల మాట వచ్చేసరికి పిల్లాడు నోరు విప్పడు.

ముస్లిం పిల్లలు పంది జెలటిన్ గురించి అడుగుతారు, అడగాల్సిన ప్రశ్నే. ఎంఎంఆర్ టీకా రెండు బ్రాండ్లలో దొరుకుతుంది: ఎంఎంఆర్ వాక్స్‌ప్రోలో అది ఉంటుంది, ప్రయోరిక్స్‌లో ఉండదు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెబితే ప్రయోరిక్స్ తెప్పించి ఉంచుతారు.

టీబీకి మాంటూ చర్మపరీక్ష చేయాల్సి ఉంటే, ఎంఎంఆర్ వేశాక నాలుగు వారాలు ఆగాలి. లేకపోతే టీబీ ఉన్నా లేదన్నట్టు ఫలితం రావచ్చు. మూడు వారాలు దాటిన దగ్గు, రాత్రిళ్లు చెమటలు, బరువు తగ్గడం కనిపిస్తే అసెస్‌మెంట్ కోసం ఎదురుచూడకండి.

వేసిన ప్రతి టీకా పేరు, తేదీ, బ్యాచ్ నంబరు పిల్లాడి దగ్గరుండే పుస్తకంలో రాయించండి. ఇల్లు మారితే జీపీ రికార్డు వెనకబడిపోతుంది, కొత్త చోట మళ్లీ మొదటి నుంచి వేస్తారు.

టీకాల సంగతి కాకపోయినా ఇదొకటి చూడండి: ప్రయాణంలో గజ్జి అంటుకుని ఉండటం మామూలే. జీపీ నిర్ధారించాక 5 శాతం పర్‌మెత్రిన్ క్రీము ఒళ్లంతా, వేళ్ల సందుల్లో, గోళ్ల కింద పూసి 8 నుంచి 12 గంటలు ఉంచాలి. మధ్యలో చేతులు కడిగితే అక్కడ మళ్లీ పూయాలి. వారం తర్వాత రెండోసారి పూయాలి. ఇంట్లో అందరూ అదే రోజు పూసుకోవాలి, దుప్పట్లు 60 డిగ్రీల వేడిలో ఉతకాలి. పురుగు చచ్చినా దురద కొన్ని వారాలు ఉంటుంది. అది చూసి క్రీము మళ్లీ మళ్లీ పూస్తే చర్మం మండి దురద ఇంకా పెరుగుతుంది.